నా ముఖం తెరకు పనికొస్తుందా?

హన్మకొండ నుంచి 22 ఏళ్ల అమ్మాయి ఒకరు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. వాళ్ల నాన్నగారు వరంగల్ ఏనుమాముల వ్యవసాయ మార్కెట్‌లో సరుకు తూచే దడువాయి, అమ్మగారు ఇంట్లోనే మిషన్ కుడతారు. అమ్మాయి డిగ్రీ పూర్తి చేసి బీఎడ్ ఎంట్రన్స్ రాశారు, సీటు వచ్చేలా ఉంది. చదువుకునే రోజుల నుంచే కరీంనగర్, జగిత్యాల వైపు తీసే జానపద పాటల వీడియోల్లో నటిస్తున్నారు. అందులో ఒక పాటను జనం బాగా చూశారు. ఆ పాటలో ఒకచోట నవ్వమని డైరెక్టర్ చెప్పినా, పసుపు చేను గట్టున తప్పిపోయి అరుస్తున్న మేకపిల్ల వైపు తాను చూస్తూ ఉండిపోయానని, ఆ ముక్కను తీసేయకుండా ఉంచారని, కామెంట్లలో చాలామంది ఆ చూపునే మెచ్చుకున్నారని రాశారు.

ఆ పాట చూసి హైదరాబాద్ కృష్ణానగర్ నుంచి మేనేజర్‌నంటూ ఒకాయన ఫోన్ చేశారట. వెబ్ సిరీస్‌లో హీరోయిన్ అవకాశం ఉంది కానీ మొటిమలు పోవాలి, రంగు తేలాలి, ముక్కు సరిచేయించుకోవాలి, పోర్ట్‌ఫోలియో తీయించాలి, అన్నిటికీ కలిపి 1,50,000 రూపాయలు తనకు కట్టాలి, 3 ఏళ్లు ఇంకెవరితోనూ పని చేయనని అగ్రిమెంట్ రాయాలి అన్నారట. ఆయన పంపిన బ్యూటీ పార్లర్‌లో ఇచ్చిన క్రీమ్ రాస్తే మొదట ముఖం తెల్లబడినట్టు అనిపించిందని, ఇప్పుడు ఒక్కరోజు మానినా ఎర్రబడి మొటిమలు ఇంకా ఎక్కువవుతున్నాయని రాశారు. నాన్నగారికి తెలియకుండా పుస్తెలతాడు కుదువ పెట్టి డబ్బు తెస్తానని అమ్మగారు అంటున్నారు. ఈలోగా పెద్దపల్లి వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది, వాళ్లకు ఈ వీడియోల సంగతి ఇంకా చెప్పలేదు. “సాయిపల్లవి మొటిమలతోనే హీరోయిన్ కాలేదా అంటుంది అమ్మ. ఆమె అదృష్టం వేరు, నీ ముఖం వేరు అంటాడు మేనేజర్. ఎవరి మాట నమ్మాలి? అసలు నా ముఖం తెరకు పనికొస్తుందా?” అని అడిగారు.

అమ్మా, మీ ప్రశ్నకు ఒక్క మాటలో అవుననో కాదనో చెప్పగలిగేవాళ్లు ఎవరూ లేరు. చెప్పగలనని ముందుకు వచ్చిన ఒకే ఒక్క మనిషి దానికి లక్షన్నర అడుగుతున్నారు. ముందు ఆ సంగతి గమనించండి. మీ అమ్మగారు, ఆ మేనేజర్ ఇద్దరూ సాయిపల్లవి పేరే తీసుకున్నారు కాబట్టి, ఆమె తొలి రోజుల్లో నిజంగా ఏం జరిగిందో చూద్దాం. ఆ కథ వాళ్లిద్దరూ చెప్పినట్టు జరగలేదు.

సాయిపల్లవి 1992లో నీలగిరి కొండల్లోని కోటగిరిలో పుట్టి, కోయంబత్తూరులో పెరిగారు. మన తెలుగువాళ్లు ఆమెను తొలిసారి చూసింది సినిమాలో కాదు, 2009లో ఈటీవీ ‘ఢీ’ డాన్స్ పోటీ వేదిక మీద. అంతకు ముందే తమిళ టీవీలో ఒక డాన్స్ పోటీలో పాల్గొన్నారు, ఒకటి రెండు తమిళ సినిమాల్లో ఎవరూ గుర్తుపట్టనంత చిన్న వేషాలు వేశారు. ఆ తర్వాత వైద్య విద్య కోసం జార్జియా దేశంలోని తిబిలిసీ నగరానికి వెళ్లారు. మలయాళ దర్శకుడు అల్ఫోన్స్ పుత్రెన్ ‘ప్రేమమ్’ సినిమాలో మలర్ అనే లెక్చరర్ పాత్రకు పిలిచేనాటికి ఆమె ఇంకా విద్యార్థినే. సెలవుల్లో షూటింగ్ చేసి మళ్లీ చదువుకు వెళ్లిపోయారు. 2015 మే నెలలో ఆ సినిమా విడుదలై ఆమె పేరు దక్షిణాదంతా తెలిసిపోయింది. అయినా చదువు వదలకుండా 2016లో డాక్టర్ కోర్సు పూర్తి చేశారు.

2009లో ‘ఢీ’ వేదిక మీద ఉన్న అమ్మాయీ, 2015లో మలర్ టీచరూ ఒకరే. వేదిక మీద ఆమెను లక్షల మంది చూశారు, పరిశ్రమ వాళ్లూ చూశారు. అయినా ఇంతటి పాత్ర దొరకడానికి ఆరేళ్లు పట్టింది. ఆ ఆరేళ్లలో ఆమె ముక్కు మార్పించుకోలేదు, రంగు మార్చుకోలేదు. ఆ ముఖానికి తగిన పాత్ర రాసుకున్న దర్శకుడు ఒకరు తారసపడ్డారు, అప్పటికి ఆమె శరీరంలో కొన్నేళ్ల డాన్స్ సాధన నిలిచి ఉంది. దాన్ని అదృష్టం అని ఒక్క మాటలో తేల్చేస్తే ఆ సాధన కనపడకుండా పోతుంది.

మొటిమల విషయానికి వస్తే, ‘ప్రేమమ్’లో మేకప్ లేకుండా చూపించాలన్నది దర్శకుడి నిర్ణయం. తన ముఖాన్ని జనం ఎలా తీసుకుంటారోనని తాను చాలా భయపడ్డానని సాయిపల్లవి ఆ తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పారు. అంటే ఇప్పుడు మీకున్న భయమే అప్పుడు ఆమెకూ ఉండేది. ఆ ముఖం అక్కడ ఎందుకు నప్పిందంటే, మలర్ కాలేజీకి కొత్తగా వచ్చిన చిన్న వయసు లెక్చరర్. అలాంటి టీచర్లు మనందరికీ తెలుసు, వాళ్ల బుగ్గల మీద మొటిమలు ఉండడమూ తెలుసు. అప్పటిదాకా మెల్లగా, ముక్తసరిగా మాట్లాడిన ఆ టీచర్ విద్యార్థుల ముందు ఒక్కసారిగా హుషారుగా డాన్స్ చేసే ఘట్టంలో హాలంతా ఈలలు మోగాయి. ఆ ఘట్టాన్ని వీలైతే శబ్దం తీసేసి మరోసారి చూడండి. ఆమె ఏ కదలికనూ మధ్యలో వదిలేయరు, చేతివేలి కొస దాకా తీసుకెళ్లి ముగిస్తారు. ఇంకొకరు మాట్లాడుతున్న షాట్లలో చూస్తే, తన డైలాగ్ ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తున్నట్టు కాకుండా నిజంగా వింటున్నట్టు కనిపిస్తారు. ఆమెకు తెర మీద ఇంత ఆకర్షణ ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే, నా మట్టుకు నేను ఆ వినడంలో నుంచే అంటాను.

ఇక 2017లో శేఖర్ కమ్ముల ‘ఫిదా’ వచ్చింది. మన బాన్సువాడ అమ్మాయి భానుమతిగా తమిళనాడు నుంచి వచ్చిన అమ్మాయి తెలంగాణ మాట నేర్చుకుని తన గొంతుతో తానే చెప్పారు. తెలుగు సినిమాల్లో హీరోయిన్‌కు వేరొకరు డబ్బింగ్ చెప్పడం అలవాటైపోయిన కాలమది. అంతకు ముందు చాలా ఏళ్లు మన వరంగల్, కరీంనగర్ థియేటర్లలో మన మాటను మనం ఎక్కువగా విన్నది కమెడియన్ నోటనో, రౌడీ నోటనో. హీరోయిన్ ఆ మాటను దర్జాగా మాట్లాడుతూ ఉంటే, హాల్లో కూర్చున్న ఆడపిల్లలకు ఎంత సంబరంగా ఉండిందో మాటల్లో చెప్పలేను. పదాలను బట్టీ పట్టి అప్పజెప్పితే ఆ సంబరం రాదు. కోపంలో గొంతు ఎక్కడ బిగుస్తుందో, ప్రేమలో మాట ఎక్కడ ఆగిపోతుందో ఆమె పట్టుకున్నారు. తర్వాత 2022లో మన వరంగల్ ప్రాంతం నుంచి వచ్చిన దర్శకుడు వేణు ఊడుగుల ‘విరాటపర్వం’లో వెన్నెల పాత్రను కూడా ఆమెకే ఇచ్చారు. ఆ సినిమా పెద్దగా ఆడలేదు కానీ ఆ పాత్ర చాలామందికి గుర్తుండిపోయింది.

కాబట్టి మీ అమ్మగారి మాటలో సగం నిజం ఉంది. మొటిమలు ఉన్నంత మాత్రాన తెర మూసుకుపోదు. కానీ ఇక్కడ మీకు ఒక చేదు సంగతి కూడా చెప్పాలి. మేకప్ లేని ముఖం కావాలని కోరుకున్న దర్శకుడు ఉన్నందుకే ‘ప్రేమమ్’లో అది సాధ్యమైంది. అలా కోరుకోని దర్శకులే ఎక్కువ. నగల ప్రకటనలు, చీరల ప్రకటనలు, మామూలు ప్రేమ కథలు తీసేవాళ్లు నున్నని చర్మాన్ని, తెల్లని రంగును అడుగుతూనే ఉంటారు, మీకు అక్కడ తిరస్కారం ఎదురవుతుంది. సాయిపల్లవి పేరు చెబితే ఆ తిరస్కారం ఆగదు. పేరు వచ్చాక ఆమె రంగు తెల్లబరిచే క్రీమ్ ప్రకటనను కాదన్నారు. అవకాశం కోసం ఎదురుచూస్తున్నవాళ్లు అలా కాదనడం ఇంకా కష్టం, ఆ కష్టం మీకు రాదని నేను చెప్పలేను.

మీ ముఖం గురించి నాకంటే, ఆ మేనేజర్‌కంటే నమ్మదగిన సాక్ష్యం మీ దగ్గరే ఉంది. నవ్వమన్నప్పుడు నవ్వకుండా మేకపిల్ల వైపు చూసిన ఆ ముక్కనే జనం మెచ్చుకున్నారని మీరే రాశారు. ఆ క్షణంలో మీరు కెమెరాను మరచిపోయారు, ఎదురుగా ఉన్న ప్రాణి మీద మనసు పెట్టారు. నటనకు అదే పునాది. అది మీకు అనుకోకుండా ఒకసారి వచ్చింది. కావాలనుకున్నప్పుడల్లా, ఇరవై మంది యూనిట్ చుట్టూ నిలబడి ఉన్నప్పుడు, పదోసారి అదే షాట్ తీస్తున్నప్పుడు కూడా తెచ్చుకోగలరా అన్నది మీకు ఇంకా తెలియదు. అది తెలుసుకునే మార్గం రంగస్థలం. మీ ఊరు మిమిక్రీకి ప్రపంచ ఖ్యాతి తెచ్చిన నేరెళ్ల వేణుమాధవ్ గారి ఊరు, పబ్లిక్ గార్డెన్స్‌లో ఆయన పేరిట కళాప్రాంగణమే ఉంది. హన్మకొండలో నాటకాలు ఆడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అక్కడికి వెళ్లి చిన్న వేషమైనా అడగండి. గొంతు ఎంత దూరం పోతుందో, మాట మధ్యలో ఎంతసేపు ఆగవచ్చో నాటకం నేర్పినంత బాగా రెండు నిమిషాల వీడియో నేర్పదు.

మీ ప్రాంతం నుంచే వెళ్లినవాళ్ల దారులు కూడా చూడండి. వరంగల్‌కు చెందిన ఆనంది 2012లో తెలుగులో చిన్న పాత్రలతో మొదలుపెట్టారు. ఆమెలోని నటిని ముందుగా గుర్తించింది తమిళులు. 2014లో ‘కయల్’, 2018లో ‘పరియేరుం పెరుమాళ్’ ఆమెకు పేరు తెచ్చాయి, ఆ తర్వాతే తెలుగులో ప్రధాన పాత్రలకు పిలుపులు వచ్చాయి. వరంగల్‌లోనే పుట్టిన ఈషా రెబ్బా ఎంబీఏ చదివి, 2013లో ‘అంతకుముందు ఆ తరువాత’తో హీరోయిన్ అయ్యారు. తెలుగు అమ్మాయిలకు తెలుగులోనే అవకాశాలు తక్కువన్న మాటను ఇలాంటి దారులు బలపరుస్తాయి. అది మీ ముఖంలో ఉన్న లోపం కాదు, పరిశ్రమకు ఉన్న అలవాటు. ఆ అలవాటుతో మీరు కొన్నేళ్లు పోరాడవలసి రావచ్చు. తొలి తిరస్కారం దగ్గరే ఆగిపోవాలన్న రూలు మాత్రం ఎక్కడా లేదు. మహానటి అని మనం పిలుచుకునే సావిత్రి చేతికి అందిన ప్రధాన పాత్ర 1950లో ‘సంసారం’ సమయంలో చేజారి, అదే సినిమాలో చిన్న వేషంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. 1951లో ‘పాతాళభైరవి’లోనూ ఆమె కనిపించింది ఒక్క నృత్యంలోనే. ‘దేవదాసు’ వచ్చింది 1953లో.

ఇప్పుడు డబ్బు సంగతి. ఇక్కడ నేను మెత్తగా మాట్లాడను. పాత్ర ఇచ్చేవాళ్లు నటికి డబ్బు ఇస్తారు, నటి దగ్గర తీసుకోరు. నిజమైన మేనేజర్ అవకాశం తెచ్చి, మీకు పారితోషికం వచ్చాక అందులో నుంచి తన వాటా తీసుకుంటారు. ఆయన అడుగుతున్న లక్షన్నర మీరు కడితే, సిరీస్ మొదలు కాకపోయినా ఆ డబ్బు తిరిగి రావడం కష్టం, పోర్ట్‌ఫోలియోకు అయిందనో పార్లర్‌కు అయిందనో లెక్క చెబుతారు. దానికంటే నాకు ఎక్కువ భయం కలిగించేది ఆ 3 ఏళ్ల అగ్రిమెంట్. దాని మీద సంతకం చేస్తే మీకు ఇప్పుడు గుర్తింపు తెచ్చిపెడుతున్న జానపద పాటలు కూడా ఆయన అనుమతి లేకుండా చేయడానికి వీలుండకపోవచ్చు. నా మాట మీద ఆయనను దూరం పెట్టనక్కర్లేదు, నాలుగు సంగతులు అడగండి: నిర్మాత ఎవరు, దర్శకుడు ఎవరు, ఆడిషన్ ఏ ఆఫీసులో, పగటిపూట అమ్మతో కలిసి రావచ్చా. వీటికి సూటిగా జవాబు వచ్చి, డబ్బు మాట వెనక్కి తీసుకుంటే వెళ్లి ఆడిషన్ ఇవ్వండి. “ముందు డబ్బు కట్టు, అన్నీ తర్వాత తెలుస్తాయి” అంటే మీకు కావలసిన జవాబు వచ్చినట్టే. రాత్రి పూట రమ్మన్నా, ఒంటరిగా రమ్మన్నా ఆడవాళ్ల భద్రత చూసే పోలీసు బృందాలు షీ టీమ్స్‌కు చెప్పడానికి వెనకాడకండి. ఆన్‌లైన్‌లో ఇప్పటికే ఏమైనా పంపి మోసపోయినట్టు అనిపిస్తే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి వెంటనే ఫోన్ చేయండి, ఆలస్యమైన కొద్దీ డబ్బు దొరకడం కష్టమవుతుంది.

పోర్ట్‌ఫోలియో కోసం అంత ఖర్చు అవసరం లేదు. ఆడిషన్ తీసుకునేవాళ్లు ముందు అడిగేవి మేకప్ లేని సాదా ఫొటోలు: ఎదురుగా ఒకటి, రెండు పక్కల నుంచి ఒక్కొక్కటి, నిలువెత్తు ఫొటో ఒకటి. పొద్దున పది గంటలలోపు మీ వాకిట్లో నీడపట్టున నిలబడితే మంచి ఫోన్‌తోనే అవి వస్తాయి. పేరు, వయసు, ఎత్తు, ఊరు, వచ్చిన భాషలు చెబుతూ ఒక నిమిషం వీడియో, దానితోపాటు మీ మాటలోనే ఒక చిన్న సన్నివేశం జోడించండి. ఆ సన్నివేశంలో ఏడుపో అరుపో కాకుండా, ఎవరి మాటో వింటున్న ఘట్టం ఎంచుకోమని నా సలహా.

మీ చర్మం గురించి మాత్రం ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకండి. రాస్తే తెల్లబడి, మానితే ఎర్రబడి మొటిమలు పెరగడం స్టిరాయిడ్ కలిసిన క్రీముల విషయంలో తరచు కనిపించే లక్షణం. అలాంటివి నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, ముఖం మీద వెంట్రుకలు పెరుగుతాయి, క్రీమ్ లేకుండా ఉండలేని స్థితి వస్తుంది. మీ విషయంలో అదేనా అన్నది డాక్టరే చెప్పాలి కాబట్టి ఆ ట్యూబును, లేదా పార్లర్ వాళ్లు ఇచ్చిన డబ్బాను చేత పట్టుకుని వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆస్పత్రి చర్మవ్యాధుల విభాగానికి వెళ్లండి. వాడడం ఎలా ఆపాలో కూడా వాళ్లనే అడగండి. మామూలు మొటిమలకు మందులు ఉన్నాయి, తగ్గడానికి కొన్ని నెలలు పడుతుంది. సినిమా కోసం కాకపోయినా మీ సౌఖ్యం కోసం ఆ వైద్యం చేయించుకోవచ్చు. తెల్లబడడానికి ఇంజెక్షన్లు ఉన్నాయని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. ముక్కు ఆపరేషన్ సంగతి వేరు. ఒకసారి మారిన ముక్కు మళ్లీ పాతది కాదు, వాపు పూర్తిగా తగ్గి తుది రూపం తేలడానికే ఏడాది దాకా పట్టవచ్చు. ఖాయం కాని ఒక వేషం కోసం, డాక్టర్ కాని ఒక మనిషి చెప్పినందుకు ఆ పని చేయడం నాకు ఏ విధంగానూ సమ్మతం కాదు.

ఇక మీ ముందున్న దారులు. ఇవన్నీ వదిలి బీఎడ్‌లో చేరి, వచ్చిన సంబంధం చేసుకోవచ్చు. అది ఓటమి కాదు, చాలామంది సంతోషంగా బతుకుతున్న దారి అది. అయితే మీ ఉత్తరంలో బీఎడ్ గురించి రెండు వాక్యాలు, ఆ మేకపిల్ల షాట్ గురించి ఒక పేజీ ఉన్నాయి. ప్రయత్నం చేయకుండానే వదిలేస్తే ఆ పేజీ మీ లోపల మిగిలిపోతుంది. మరో దారి, చదువు పక్కన పెట్టి హైదరాబాద్ వెళ్లి కృష్ణానగర్‌లో గది తీసుకుని తిరగడం. ఆడిషన్లకు దగ్గరగా ఉంటారన్నది నిజమే. నెల తిరిగేసరికి అద్దె కట్టవలసి వస్తుంది, ఆ అవసరమే మిమ్మల్ని ఒప్పుకోకూడని పనులకు ఒప్పిస్తుంది. మూడోది, బీఎడ్‌లో చేరి, సెలవుల్లో, ఆదివారాల్లో జానపద పాటలు, నాటకాలు చేస్తూ, హైదరాబాద్ ఆడిషన్లకు పొద్దున వెళ్లి సాయంత్రం కాజీపేటకు తిరిగి రావడం. ఈ దారి నెమ్మదిగా సాగుతుంది. రెండు పడవల్లో ఒకదానికి ఎప్పుడూ అన్యాయం జరుగుతోందన్న దిగులు ఉంటుంది, పరీక్షల సమయంలో మంచి అవకాశం చేజారవచ్చు కూడా. కానీ చేతిలో చదువు ఉన్న అమ్మాయి “వద్దు” అని చెప్పగలదు. మెడిసిన్ చదువుతూ నటించడం మొదలుపెట్టిన సాయిపల్లవికి పాత్రలు ఎంచుకునే ధైర్యం ఇవ్వడంలో ఆ చదువుకూ భాగం ఉందని నా అభిప్రాయం. నా మొగ్గు ఈ మూడో దారి వైపే, అయినా ఎంచుకోవలసింది మీరు.

పెద్దపల్లి సంబంధం వాళ్లకు వీడియోల సంగతి చూపులకు ముందే చెప్పించండి. దాచినా దాగవు, పాట ఫోన్లలో తిరుగుతూనే ఉంది. చెబితే సంబంధం తప్పిపోవచ్చు. చెప్పకపోతే పెళ్లయ్యాక తెలిసి, ఆ మాట మీ మీద నిందగా మారవచ్చు. విన్న తర్వాత కూడా అబ్బాయి మిమ్మల్ని చూడాలనుకుంటే, పెళ్లి తర్వాత నటిస్తారా మానేస్తారా అన్నది అతనితో మీరే నేరుగా మాట్లాడుకోండి, పెద్దల చేత మాట ఇప్పించకండి.

పుస్తెలతాడు మాత్రం కుదువ పెట్టనివ్వకండి. అమ్మ మీ కోసం అంత దూరం రావడానికి సిద్ధపడ్డారంటే ఆమె ప్రేమ ఎంతటిదో తెలుస్తోంది. కానీ నాన్నకు తెలియకుండా తెచ్చిన డబ్బు పోతే, ఇంట్లో మీ నటన పేరు ఎత్తడానికి కూడా ఇక వీలుండదు. మార్కెట్‌కు సెలవున్న రోజు చూసి నాన్నగారిని కూర్చోబెట్టి మేనేజర్ ఫోన్ సంగతి, క్రీమ్ సంగతి, బీఎడ్ సంగతి అన్నీ చెప్పండి, ఆ పాట కూడా చూపించండి. రోజంతా కాంటా ముందు నిలబడి రైతుకూ కొనేవాడికీ మధ్య తూకం చెప్పే మనిషి ఆయన, లెక్క వివరంగా చెబితే వింటారు. ఆయన వద్దంటే ఎందుకు వద్దంటున్నారో అడగండి. మోసపోతావనే భయమైతే, డబ్బు కట్టడం లేదని, అగ్రిమెంట్ చేయడం లేదని, ఆడిషన్లకు అమ్మతోనే వెళ్తానని చెప్పండి. నలుగురూ ఏమంటారోననే బెంగ అయితే అది ఒక్క రోజులో తీరదు, నాటకం వేసే రోజున ఆయన్ను ముందు వరుసలో కూర్చోబెట్టండి.